శివశంకర్ తగ్గించిన హార్స్‌పవర్

మా ఆఫీసు శివశంకర్, ఎవరు ఏ అంకె చెప్పినా ఒప్పుకోడు. కొంత కోసేస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు. జ్వరం నూట రెండంటే "ఏ థర్మామీటర్?" అంటాడు. పెళ్లికి వెయ్యిమంది వచ్చారంటే "తిన్నోళ్లా, ఫొటో దిగినోళ్లా?" అని ఆరా తీస్తాడు.

మాదాపూర్‌లో మా కుర్రాళ్లకు కార్ల ట్యూనింగ్ పిచ్చి, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చి బలం పెంచే పిచ్చి, పట్టుకున్నాక ఆయనకు చేతినిండా పని. డైనో అని ఒక యంత్రముంది. దాని రోలర్ల మీద కారును పరిగెత్తిస్తే హార్స్‌పవర్ ఎంతో కాగితం మీద గీసి ఇస్తుంది. మావాళ్లు ఆ కాగితాన్ని పిల్లల ర్యాంకులా ఆఫీసు గ్రూపులో పెట్టేవారు.

"నూట ముప్పై అన్నా! ఇంకా ట్యూనింగే చేయించలేదు!" అన్నాడు గిరీష్ ఒకరోజు. అనంతపురం వాడు, మియాపూర్‌లో ఎవరి దగ్గరో కొలిపించుకొచ్చాడు.

"చక్రం కాడనా, ఇంజన్ కాడనా?" అన్నాడు శివశంకర్.

"ఇంజన్ దగ్గరేలే."

"గది జీతంల సీటీసీ లెక్క. కోతలన్నీ పోంగ చేతికెంతొస్తదో చెప్పు."

క్యాంటీనంతా నవ్వింది.

తర్వాత గిరీష్ ఆ కారును ట్యూనింగుకు హర్షిణికిచ్చాడు. ఆమె మా టీమ్ అమ్మాయే. ఉద్యోగం మానేసి, జీడిమెట్లలో షెడ్డు కిరాయికి తీసుకుని, డైనో పెట్టి ట్యూనింగ్ మొదలెట్టింది. గిరీషే మొదటి గిరాకీ. తీరా ఆమె ట్యూన్ చేసి కొలిస్తే నూట ఇరవై అయిదే వచ్చింది. చేయించాక తగ్గిందని గ్రూపులో ఒకటే గేలి. వస్తామన్న కార్లూ రాలేదు. ఇలాగే సాగితే షెడ్డు మూసుకోవాల్సిందే. పాపం, నాకు నిజంగా బాధేసింది.

శివశంకర్‌కు తెలిస్తే ఉన్నదీ కోస్తాడని భయపడ్డాను. ఆయన మరునాడే నన్నూ గిరీష్‌నూ వెంటేసుకుని షెడ్డుకు వెళ్లాడు.

"ఏంది గిరీష్, గది ఇంజన్ లెక్క, గిది చక్రం లెక్క. చక్రం కాడికొచ్చేసరికి కొంత దారిల్నే పోతది, రెండూ ఒక్కటెట్లయితయ్? హర్షిణమ్మా, పాత ప్రోగ్రామ్ ఎక్కించి నీ మిషిన్ మీదనే కొలువు."

కొలిచింది. తొంభై అయిదు. కొత్త ప్రోగ్రామ్‌తో మళ్లీ నూట ఇరవై అయిదు.

"ముప్పై పెరిగినాయా!" గిరీష్ గంతేశాడు.

"ఇరవై ఎనిమిదనుకో. మబ్బు పట్టి గాలి సల్లబడ్డది, సల్లగాలికి ఇంజన్ రెండెక్కువే లాగుతది."

నిజం తేలినా మావాళ్లు కదల్లేదు. తక్కువ చూపించే మిషిన్ మాకెందుకన్నారు. అప్పుడు శివశంకర్ ప్రాణంలా చూసుకునే తన కారును ఆ రోలర్లెక్కించి, గ్రూపులో తనే రాశాడు: "నాది అరవై ఒకటి. హర్షిణి మిషిన్ ముఖం జూసి మాట్లాడదు. దమ్ముంటే రండి."

ఆ శనివారం షెడ్డు ముందు సందు చివరిదాకా కార్లే. శివశంకర్‌ను ఓడించని కారు ఒక్కటీ లేదు. అందరూ కాలరెగరేసుకుంటూ ట్యూనింగుకు పేరు రాయించుకున్నారు.

సాయంత్రం హర్షిణి నవ్వు ఆపుకోలేక నాతో అంది, "అన్న బండి నిజానికి ఎనభై రెండు చూపించింది. ఎవరికీ చెప్పొద్దన్నడు."

నేను వెళ్లి ఆయన్ను నిలదీశాను. "ఏమయ్యా, ఎనభై రెండట కదా?"

శివశంకర్ చాయ్ పక్కన పెట్టాడు.

"ఎవరు జెప్పిన్రు? ఎనభై ఒకటే."