పని తెలిసిన దొంగ

నిన్న నాకు సన్మానం జరిగింది. టీలు నేనే తాగిస్తా గానీ, ఆ శాలువా వెనక కథ మాత్రం బయట ఎవరికీ చెప్పబాకండి.

విడవలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద మోటారు ఆగితే ముందు మోగేది నా ఫోనే. గొప్పకు చెప్పడం లేదు, నిజం. పోయిన ఆదివారం శీనయ్యన్న రొయ్యపిల్లల తొట్టికి గాలి కొట్టే చిన్న మోటారు ఆగిపోయింది. గాలి లేకపోతే పిల్లలు బతకవు. షాపులన్నీ మూసున్నా, అరగంటలో దాన్ని తిప్పినాను. అందుకే రైతులంతా కలిసి సన్మానం పెట్టినారు.

నిన్న పొద్దున్నుంచీ వాన. నాకున్నది ఒకటే తెల్ల చొక్కా. మా ఆవిడ పద్మ దాన్ని వాషింగ్ మిషన్లో వేసింది. ఉతికే వైపు బాగానే తిరిగింది. డ్రైయర్ వైపు ఉలకదు, పలకదు.

"మెకానిక్‌ను పిలుద్దామా?" అంది పద్మ.

"సన్మానం ఎవరికి అనుకుంటున్నావు?" అన్నాను.

ప్లగ్గు చూసినాను, కరెంటు వస్తోంది. టైమర్ తిరుగుతోంది. మూత కింది స్విచ్చీ బాగుంది. ఇక మిషన్ను గోడ నుంచి లాగి, వెనక రేకు విప్పినాను. డ్రైయర్ మోటారును తిప్పే కెపాసిటర్ లేదు. చెడిపోవడం కాదు, అసలు లేనే లేదు.

"ఎవడో కొట్టేసినాడు పద్మా."

"బీరువా వదిలేసి కెపాసిటర్ ఎత్తుకపోయినాడా?"

"వైర్లు చూడు. సమానంగా కత్తిరించి, విడివిడిగా టేపు చుట్టి, ఒక్క స్క్రూ పోకుండా బిగించినాడు. దొంగే గానీ మంచి పనోడు. ఇంత నీటుగా ఈ మండలంలో నేను తప్ప ఎవడూ చెయ్యలేడు."

ఆ మాట నోట్లోంచి వచ్చినాక గుర్తొచ్చింది. ఆదివారం పద్మ బోగోలులో వాళ్ళమ్మ దగ్గర ఉన్నింది. నా సంచీలో ఆ సైజు కెపాసిటర్ లేక, ఇంటికి పరిగెత్తుకొచ్చి డ్రైయర్‌ది పీకి శీనయ్యన్న మోటారుకు తగిలించింది నేనే.

పద్మ నా మొహం చూసి సంగతి కనిపెట్టేసింది. చొక్కా పిండి చేతికిచ్చి, "దొంగగారూ, టైమయింది, తొడుక్కోండి" అంది.

స్టేజీ మీద శీనయ్యన్న మైకు పట్టుకొని, "ఆదివారం పూట ఆ కెపాసిటర్ ఎక్కణ్ణుంచి తెచ్చినాడో దేవుడికే తెలియాల" అన్నాడు. ముందు వరసలో పద్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నేను చలికి వణుకుతుంటే, ఆనందం పట్టలేక అనుకొని శాలువా బిగించి కప్పినారు. నిజంగానే ఆనందంగా ఉన్నింది, రొయ్యపిల్లలన్నీ బతికినాయి మరి.

ఈ పొద్దు పద్మ నన్ను మిషన్ ముట్టుకోనివ్వకుండా వేరే మెకానిక్‌ను పిలిపించింది. అతను వెనక రేకు విప్పి, "ఈ టేపు ఎవరు చుట్టినారక్కా, భలే పనోడు" అన్నాడు. పద్మ నా వైపు చూసింది. నేను ఫ్యాను కింద ఆరేసిన చొక్కానూ శాలువానూ తిరగేస్తా ఉన్నాను.