వన్ టౌన్ నుంచి మతిమరుపు ఆసుపత్రికి, ఆయన్ని వెంటబెట్టుకుని

ఈ ప్రయాణం మా డాబా మీది నీళ్ళ ట్యాంకు వల్ల మొదలైంది. మా ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. మాది కోనసీమ. పెళ్ళయిన కొత్తల్లో వచ్చి వన్ టౌన్‌లో ఈ రెండు గదుల్లో దిగాం, ఇక్కడే ఉండిపోయాం. పిల్లల్లేరు. కొన్నేళ్ళుగా ఆయనకి మతిమరుపు. పొద్దున పూట చాలావరకు మామూలుగానే ఉంటారు. పొద్దు వాలేసరికి మాత్రం డాబా ఎక్కి, ట్యాంకుకున్న ఇనప నిచ్చెన పట్టుకుని పైకి పోయి, కింద వీధిలో వెళ్ళేవాళ్ళని “తప్పుకోండి, లోడు దిగుతోంది” అని కేకలేస్తారు. పైన పట్టుకోవడానికి ఆధారం లేదు. నా మోకాళ్ళతో ఆ నిచ్చెన నేనెక్కలేను. డాబా తలుపుకి తాళం వేస్తే, బట్టలారేసుకోవాలని మిగతా వాటాల వాళ్ళు తీసేస్తారు. ఏ సాయంత్రం ఏ కబురు వినాలోనని గుండె దడతోనే బతుకుతున్నాను.

ఇలాంటివాళ్ళని చూసుకోవడానికి ఒక ఆసుపత్రి వాళ్ళు ఇంటికే మనిషిని పంపుతున్నారని పక్కింటి దర్జీ భార్య ఫాతిమా చెప్పింది. డాక్టరు చూసి రాస్తేనే పంపుతారట. ఆ ఒక్క మాట రాయించుకోవడానికే బయల్దేరాం.

ఏడున్నరకల్లా ఇంటికి తాళం వేశాను. వీధి చివరి దాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కొచ్చాను. కట్టేసే ఉంది. జగదాంబ దాకా షేర్ ఆటోలో మనిషికి ఐదు రూపాయలు తీసుకున్నారు. ఆయన్ని చివర్న కూర్చోబెట్టడం నా బుద్ధితక్కువ. పోర్టు వైపు దారి కనబడగానే ఒక కాలు బయట పెట్టారు. డ్రైవరు అద్దంలో చూసి కేకేశాడు.

“ఓలమ్మో, తాత దిగిపోతన్నాడు! ఏటి తాతా, ఏటి సేత్తన్నావ్? నడుం ఇరిగిపోద్ది!”

“నా డ్యూటీ ఇక్కడేనయ్యా.”

“నీ డ్యూటీ ఎప్పుడో అయిపోనాది. కూకో. నువ్వు దిగితే నా డ్యూటీ కూడా అయిపోద్ది.”

ఆటోలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను ఆయన చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. జగదాంబలో సిటీ బస్సెక్కి ఎం.వి.పి. కాలనీ దాటాక దిగాం. అక్కణ్ణించి ఆసుపత్రికి ఎండలో కాస్త నడక. తొమ్మిదికల్లా వెళ్ళినా మా వంతు వచ్చేసరికి పన్నెండయింది. తాళం సరిగ్గా పడిందో లేదో చూశారా అని ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. లోపలికి వెళ్ళాక డాక్టరు ముందు కూడా అడిగేశాను. అది నా కొంప ముంచింది.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. “తాతగారూ, ఇవాళ తేదీ ఎంత?” అన్నాడు. మా ఆయన లేచి నిటారుగా నిలబడ్డారు. తేదీ, వారం, నెల, సంవత్సరం చెప్పేశారు. పోర్టులో వాళ్ళ మేస్త్రీ, తాగొచ్చినవాణ్ణి క్రేనెక్కనివ్వకూడదని, రోజూ నిచ్చెన కింద నిలబెట్టి తేదీ, వారం, ఓడ పేరు అడిగి, వందలోంచి వెనక్కి లెక్క చెప్పించేవాడు. అందుకే లోపలికొస్తూ గోడ మీది క్యాలెండరు చూసి పెట్టుకోవడం ఈయనకి ఒంటబట్టిన అలవాటు. డాక్టరు కూడా వందలోంచి ఏడేసి తీసేయమన్నాడు. ఈయన టకటకా దిగిపోయారు. “ఆయ్, ఇంకేవైనా ఉన్నాయాండి?” అని కూడా అడిగారు.

“ఈయన బావున్నారే!” అన్నాడు డాక్టరు. “మామ్మగారూ, మీరు చెప్పండి. ఇవాళ తేదీ?”

ఏకాదశి అన్నాను. నాకు తెలిసింది తిథే. ప్రధానమంత్రి ఎవరన్నాడు. ఆ కంగారులో పాతాయన పేరు చెప్పాను. వందలోంచి ఏడు తీసేయమన్నాడు. నేను చదివింది రెండో తరగతి. వేళ్ళు మడుస్తుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. “సాయంత్రం వచ్చి చూడండి బాబూ, ఈయన ట్యాంకెక్కి లోడు దింపుతారు” అన్నాను. డాక్టరు తల పంకించి మా ఆయనకేసి జాలిగా చూశాడు.

“ఆవిణ్ణి ఒంటరిగా వదలకండి తాతగారూ. ఈ జబ్బుకి ఇంటిని మించిన ఆసుపత్రి లేదు. రాబోయే రోజుల్లో వైద్యమంతా ఇంటి గుమ్మంలోకే వస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు మనిషిని పంపిస్తాను.”

“అలాగేనండి, జాగ్రత్తగా చూసుకుంటానండి” అన్నారాయన. గేటు దాటేసరికి ఎక్కడికొచ్చామని నన్నే అడిగారు.

ఆ వారంలోనే పైడమ్మ వచ్చింది. జాలరిపేట మనిషి, ఆసుపత్రిలో ఈ పని నేర్చుకుంది. “నీకు బాగులేదంట గదా అమ్మా, మంచమ్మీద కూకో, నాను సూత్తాను” అంటూ ఉండగానే ఆయన మెట్లెక్కేశారు. పైడమ్మ పరుగున వెళ్ళి నిచ్చెన సగంలో ఆయన కాలు పట్టుకుని దింపింది. రొప్పుతూ వచ్చి నా ముందు కూలబడింది.

“ఓలమ్మ ఓలమ్మ! జబ్బు నీకు కాదు, ఈ బాబుకి! డాక్టరుగారికి సెప్పేత్తానమ్మా.”

“చెబితే ఏం చేస్తారు?”

“మళ్ళీ పరీచ్చ పెడతారు.”

“ఈయన మళ్ళీ పాసవుతారు. ఈసారి నేను కూడా పాసయితే నిన్ను మానిపిస్తారు.”

పైడమ్మ నవ్వలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆసుపత్రి లెక్కలో రోగిని నేను, చూసుకునే మనిషి ఆయన. మంగళవారం, శుక్రవారం ఆమె వస్తుంది. మిగతా సాయంత్రాలు నిచ్చెన కింద నిలబడి ఆయన కాళ్ళు పట్టుకునేది నేనే.

ఇంటిని మించిన ఆసుపత్రి లేదన్నాడే, ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇల్లంటే ఆ డాక్టరు దృష్టిలో ఏమిటో. గోడలు నిచ్చెన మీది మనిషిని దింపవు కదా. ఇల్లంటే ఇంట్లో ఉన్న ఆడది. ఆ ఆడది ముసలిదైతే, భయస్తురాలైతే, ఆమె మాట డాక్టరు గదిలో ఎవరికీ వినబడదు. రేపు వైద్యం ప్రతి గుమ్మంలోకీ వస్తుందేమో, రానివ్వండి. తలుపు తీసేవాళ్ళని ఒక మాట నిజంగా అడిగితే చాలు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, డాక్టరు చెప్పిందే నిజమా అని. ఆ అనుమానం చెప్పుకోవడానికీ ఇంట్లో ఆయనే ఉన్నారు.

మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్తే పొద్దున ఓపీకి తీసుకెళ్ళకండి, సాయంత్రం చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రోగి అవస్థ కళ్ళారా చూసిన పక్కింటివాళ్ళని ఎవర్నైనా తోడు తీసుకెళ్ళండి. అలాంటివాళ్ళెవరూ దొరక్కపోతే, బయల్దేరేముందు ఆ రోజు తేదీ మీరు బట్టీ పట్టండి.