బేరింగుల్లో గానుగ నూనె

నిక్షేపం లాంటి మోటారు సైకిలును చేజేతులా పొయ్యిగా మార్చి, కట్టుకున్న భార్య భవిష్యత్తును దాని మీద పెట్టి వేయించబోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను ఊరికే కూర్చుంటే కొండలకేం కాదు గానీ, ఇంట్లో వస్తువులు ఊడిపోతాయి. డోన్‌లో మాకు చిన్న బట్టల కొట్టు ఉంది. మధ్యాహ్నాలు బేరాలుండవు. ఆ ఖాళీలో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో బండి చక్రాన్ని వేలితో ఇట్లా అంటే అది ఆగకుండా తిరుగుతూనే ఉంది. మామూలు బేరింగులు తీసేసి ఖరీదైనవి వేశాడట. రాపిడి తగ్గితే వేగం పెరుగుతుందట, పెట్రోలు మిగులుతుందట. అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. నా చక్రం మామూలుగా తిరిగి మామూలుగా ఆగిపోతోందన్న దిగులుతో అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ పద్మకు టీచరు ఉద్యోగాల పరీక్ష వచ్చింది. సెంటరు కర్నూలులో. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. గేటు మూశాక ఎంత మొత్తుకున్నా లోపలికి రానివ్వరు. పొద్దున రైలుకు పోదామంది. డోన్ లాంటి రైల్వే జంక్షన్‌లో కాపురముండే వాడెవడైనా సరేనంటాడు. నేను మాత్రం రైలు మన చేతిలో ఉండదు, బండి ఉంటుంది అని వాదించి గెలిచాను. అసలు సంగతేమిటంటే, కొత్త బేరింగుల ప్రతాపం చూపించడానికి నాకు అంతకన్నా మంచి రోజు దొరకదు.

తెప్పించిన బేరింగులను ముందు చక్రంలో ఎక్కిస్తున్నాడు మెకానిక్ ఖాజా. గ్రీజు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. గ్రీజు జిడ్డు, అది చక్రాన్ని వెనక్కి లాగుతుంది, పలచటి నూనె అయితే గాలిలా తిరుగుతుందని పాఠం చెప్పాను. దుమ్ము పడకుండా బేరింగుకు ఉండే రబ్బరు మూతలు కూడా రాసుకుంటున్నాయని పీకించాను. మా అత్తగారు పత్తికొండ నుంచి పంపిన వేరుశనగ గానుగ నూనె ఇంట్లో డబ్బా నిండా ఉంది. మన సీమ నూనెను మించిన నూనె లోకంలో ఉందా చెప్పండి. గ్లాసుతో తెచ్చి పోయించాను.

“నాదేముండాదప్పా, తాళింపు పెట్టమన్నా పెడతా,” అన్నాడు ఖాజా.

చక్రం తిరిగిందండీ, అబద్ధమెందుకు. స్టాండు వేసి అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి తిప్పాను. వీధి వాళ్లందరినీ పిలిచి చూపించాను. శిశు మనోవిజ్ఞానం చదువుకుంటున్న పద్మను కూడా లేపుకొచ్చాను.

“ఇట్ల తిరిగితే ఏమొచ్చాదయ్యా? మనం ఎక్కినాక తిరగాల గానీ,” అంది.

పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటగానే రోడ్డు పని జరుగుతోందని పక్క మట్టిదారికి మళ్లించారు. ఆ దారి పొడవునా నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలే. గాల్లో తెల్లటి రాతిపొడి. మళ్లీ హైవే ఎక్కేసరికి మా ఇద్దరికీ కనుబొమ్మలు నెరిసిపోయాయి. ఆ పొడి మూతల్లేని బేరింగులోకి దూరి, నూనెతో కలిసి ముద్దవుతోందన్న సంగతి నాకేం తెలుసు?

వెల్దుర్తి దగ్గర కమ్మటి వాసన వచ్చింది.

“ఎవురో బజ్జీలు ఏస్తాండారు,” అంది పద్మ.

హోటళ్లుంటాయిలే, పరీక్ష అయ్యాక ఉగ్గాని బజ్జీ తిందామని మాటిచ్చాను. వెల్దుర్తి దాటింది. వాసన దాటలేదు. ఇల్లూ వాకిలీ లేని బీడు భూముల్లో కూడా మాతోనే వస్తోంది.

“ఏమయ్యా, ఈ హోటలు మన యెంబడే వస్తాండాది,” అంది పద్మ.

అప్పటికే హ్యాండిలు వణుకుతోంది. కర్నూలు పొలిమేరలో కల్లూరు చేరేసరికి ముందు చక్రం రోట్లో రాళ్లు నూరినట్టు గరగరలాడి, బిగుసుకుని నిలబడిపోయింది. ట్రాఫిక్‌లో మెల్లగా పోతున్నాం కాబట్టి పడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చక్రం కాలాక నీళ్ల సీసా పట్టుకున్నాను. పోస్తే చుయ్‌మంది.

పద్మ తిట్టలేదు. హాల్ టికెట్ గుండెకు అదుముకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆమె ఇన్నేళ్ల చదువు నా నూనెలో వేగిపోతోందనిపించింది. పరుగెత్తి ఒక షేర్ ఆటోకు అడ్డంగా చేతులు చాపాను.

“జాగా యాడుండాదప్పా?” అన్నాడు డ్రైవరు.

పరీక్ష, గేటు, ఆఖరి అవకాశం అని ఏదేదో వాగాను. లోపలున్న ఒక పెద్దామె టమోటా గంప ఒళ్లోకి తీసుకుని జరిగింది. పద్మ ఎక్కింది. నా వైపు చూడనైనా లేదు.

బండి తోద్దామంటే చక్రం కదలదు, వదిలి పోదామంటే ప్రాణం ఒప్పదు. కూర్చున్నాను, లేచాను, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. గేటు మూసేలోపు పద్మ చేరిందో లేదో తెలియదు. ఆమె ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు. దారిన పోయేవాళ్లు ముక్కులు ఎగబీల్చి, బజ్జీల బండి ఎక్కడుందా అని నా చుట్టూ వెతికారు.

మధ్యాహ్నం దాటాక పద్మ ఆటో దిగింది. నేను గబగబా ఎదురు వెళ్లాను.

“మూస్తాంటే దూరినాలే,” అంది తనే. “బాగనే రాసినా. ఒకదాని కాడ మాత్రం శానా సేపు ఆగినా.”

“ఏం ప్రశ్న?”

“రాపిడి పెంచేది ఏది అని అడిగినారు. నాలుగు జవాబులిచ్చినారు. యాడ ఎతికినా నీ పేరు ల్యాదు.”

అక్కడే, బిగుసుకుపోయిన ఆ చక్రం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. సూర్యచంద్రులున్నంత కాలం నా చేతి నూనె పెనం మీద తప్ప మరెక్కడా పడదని. పద్మ ఆ ప్రమాణాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పుడామె టీచరు. పొద్దున్నే ఆమె బడికి తయారవుతుంటే, ఇంట్లో దోసెలు పోసేది నేనే.