కుర్చీలో ఉన్నావిడ గైర్హాజరు

ఈ దేశం వచ్చాక 2011లో నేను చేరిన ఆఫీసు లాభాపేక్ష లేని వార్తాసంస్థ. పేపరు అచ్చు వేయదు, వెబ్‌సైట్ మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వం, శాసనసభ తప్ప వేరే వార్త రాయదు. ఇక్కడే ప్లేనో అనే ఊళ్ళో ఉండే మా ఆవిడ బాబాయికి వివరించబోయి, "నాన్‌ప్రాఫిట్ అండీ, లాభం ఉండదు" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "లాభం లేదని నీకే తెలిశాక ఇంకోటి ట్రై చేయి బాబూ" అన్నారు.

నేను విలేకరిని కాను. శాసనసభ ఓట్ల రికార్డును ప్రోగ్రాముతో లాగి, ఎవరు దేనికి ఓటేశారో జనం వెతుక్కునేలా పేజీలు కట్టేవాణ్ణి. రాజకీయాల్లో నా అనుభవం అపార్ట్‌మెంట్ పార్కింగ్ తగాదాతో సరి. అయినా పార్టీల అభ్యర్థుల్ని తేల్చే ప్రైమరీ ఎన్నికలకు మూడు వారాల ముందు, సభలో ఓటింగులు ఎక్కువగా ఎగ్గొట్టిన పదిమంది సభ్యుల జాబితా వేద్దామని ఎడిటర్‌కి చెప్పింది నేనే. ఆవిడ ఒప్పుకున్నారు, మా ఆఫీసు ఆచారం పాటించాలన్న షరతు మీద: వార్తలో పేరు వచ్చే ప్రతి మనిషికీ ముందుగా ఫోన్ చేసి, ఏం రాస్తున్నామో చెప్పాలి.

ఫోన్ అంటే నాకు భయం. నా ఇంగ్లీషు కాగితం మీద బాగానే ఉంటుంది. నోట్లోంచి వచ్చేసరికి అవతలివాళ్ళు "ఎక్స్‌క్యూజ్ మీ?" అంటారు. నేను అదే మాట ఇంకాస్త గట్టిగా అంటాను. అందుకని పదిమందికీ ఈమెయిల్ పెట్టాను.

"ఫోన్ చేయమన్నారు కదా?" అంది మా ఆవిడ.

"మెయిల్ చేశా. రికార్డు ఉంటుంది."

"ఎవరైనా రిప్లై ఇచ్చారా?"

"ఇవ్వలేదంటే ఒప్పుకున్నట్టేగా."

"కరెంట్ కంపెనీకీ నాతోనే ఫోన్ చేయిస్తావు. వీళ్ళకీ నన్నే చేయమంటావా ఏంటి?"

ఆ ఆలోచన నాకు నచ్చింది గానీ పైకి అనలేదు. ఎడిటర్ అడిగితే, "అందరినీ కాంటాక్ట్ చేశాను" అన్నాను. అబద్ధం ఆడకుండా తప్పించుకోవడానికి అంతగా పనికొచ్చే మాట నాకింకోటి దొరకలేదు.

సోమవారం జాబితా పెట్టాం. మొదటి పేరు చాలాసార్లు గెలిచిన ఒక రిటైర్డ్ టీచర్‌ది. గురువారం, సెలవు నుంచి తిరిగొచ్చిన మా సీనియర్ విలేకరి నా బల్ల దగ్గర ఆగి, "ఆవిడ సభకు రాని రోజు నాకు గుర్తులేదే" అన్నాడు.

స్పీకర్ బయటికి వెళ్ళినప్పుడల్లా ఆ కుర్చీలో కూర్చుని సభ నడిపేది ఆవిడేనట. అక్కడ కూర్చున్నవాళ్ళు ఓటు వేయకపోవడం ఆనవాయితీ. స్పీకర్ ఓటేయడని తెలిసి ఆయన్ని జాబితాలోంచి తీసేశాను. ఆయన బదులు కూర్చునేవాళ్ళు ఉంటారని తోచలేదు. రికార్డులో వాళ్ళ పేరు పక్కన చిన్న గుర్తు ఉంటుంది. నా ప్రోగ్రాము దాన్ని చెత్త అనుకుని ఊడ్చేసింది. సభలో అందరికంటే ఎత్తున, అందరికీ కనబడేలా కూర్చున్నావిడకు నేను గైర్హాజరు వేశాను.

గంటలో పేజీ సరిచేసి, పైన సవరణ పెట్టాం. ఎడిటర్ అరవలేదు. "ఇప్పుడు ఫోన్ చేయి" అని తలుపు వేసి వెళ్ళిపోయారు.

ఆ టీచర్‌గారే ఎత్తారు. పేరు చెప్పాను, తప్పు చెప్పాను, క్షమించమన్నాను.

"మీ మెయిల్ వచ్చిందట" అన్నారు. "మా ఆఫీసులో ఉన్నది ఒక్క అమ్మాయి. వందల మెయిళ్ళలో అదొకటి. ఫోన్ మోగితే మాత్రం ఎత్తుతుంది."

"సవరణ పెట్టామండీ. పేజీలో అన్నిటికన్నా పైన."

"చూశాను. నా మీద పోటీ చేస్తున్నాయన మీ జాబితాను పోస్ట్‌కార్డుల మీద అచ్చేయించి ఈ ఉదయమే ఓటర్ల ఇళ్ళకు పంపించాడు. మీ సవరణ ఆ ఇళ్ళ పోస్ట్ డబ్బాల్లోకి ఎలా వెళ్తుందో చెప్తారా?"

కోపంగా కాదు, క్లాసులో లెక్క అడిగినట్టు అడిగారు.

ఆవిడ సభ నడిపిన రోజులన్నిటి మీదా పెద్ద కథనం వేశాం. జాబితాను చదివినంతమంది దాన్ని చదవలేదు. ఎగ్గొట్టిన మనిషి కథకున్న గిరాకీ పనిచేసిన మనిషి కథకు ఉండదు.

ప్రైమరీలో ఆవిడ ఓడిపోయారు. "నీ జాబితా వల్లే అని చెప్పలేం" అన్నారు ఎడిటర్. కాదని చెప్పగలమా అని నేను అడగలేదు. మర్నాడు ఉదయం ఎవరూ చెప్పకుండానే ఆ టీచర్‌గారికి ఫోన్ చేశాను.

"ఇప్పుడేం రాస్తున్నారు నా గురించి?"

"ఏమీ లేదండీ."

"మరెందుకు చేశారు?"

ఏం మాట్లాడాలో ముందుగా రాసుకోలేదు. "ఆ తప్పు మా సంస్థది కాదండీ, నాది. ఫోన్ చేయమన్నారు, నేను చేయలేదు" అన్నాను.

"నాకోసం ఇంటింటికీ తిరిగినవాళ్ళు ఇప్పుడు మా వంటింట్లో ఉన్నారు" అన్నారు. "స్పీకర్ ఫోన్ ఆన్ చేస్తాను. వాళ్ళకీ చెప్పండి."

చెప్పాను. ఆవిడ థాంక్యూ అని పెట్టేశారు.