నల్లగుడ్డ కింద పొద్దు

సత్తుపల్లి నుంచి భద్రాచలం పోయే బస్సులో నా పక్క సీటాయన నల్లగుడ్డ కప్పిన బోను ఒళ్లో పెట్టుకుని కూసున్నడు.

"ఏందది సార్?" అని కండక్టర్ గుడ్డ ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఉడతలు. వెలుతురు తగలొద్దు. వాటికిప్పుడు రాత్రి."

బయట ఎండ మండుతుంది. నేను నవ్విన. ఆయన నవ్వలేదు. వాళ్ల పరిశోధన కేంద్రంల ఉడతలుండే గదిలో రాత్రంతా లైట్లేసి, పగలు చీకటి చేస్తరట. "పగలూ రాత్రీ తారుమారైతే ఇవి జతకట్టే కాలం ఏమైతదో చూస్తున్నం," అన్నడు.

బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో నాది ఎప్పుడూ నైట్ షిఫ్టే. పగలు పడుకునే అలవాటు కదా, తల ఆనించంగనే నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి బస్సు అడవిలో పోతుంది, అప్పుడే పొద్దు గుంకింది. బోనులో గోళ్ల చప్పుడు. అన్నీ ఒక్కసారే లేచినయ్. గుడ్డ మాత్రం కప్పింది కప్పినట్టే ఉంది.

"చీకట్లనే ఉన్నయి కదా, వాటి లెక్కన తెల్లారిందని వాటికెట్ల తెలిసింది?"

"ఒంటికి తెలుస్తది." అంతసేపూ బోనును చూసినట్టే నన్ను చూసిండు. "మీరూ ఇప్పుడే లేచిన్రు. నైట్ డ్యూటీనా?"

"అవ్."

"పిల్లలు?"

"పెళ్లయి శానా ఏండ్లాయె. ఇంకా లేరు."

ఆయన అప్పుడే జారిన గుడ్డ కొసను బోను కిందికి దోపిండు.

మా పడకగది కిటికీకి, తలుపుకు నల్ల పరదాలున్నయి. పగలు నాకు నిద్ర పట్టాలని నా భార్యే కుట్టింది. రోజూ పొద్దు గుంకంగనే వచ్చి, లేచిన్నా లేదా అని తలుపు పరదా కొస ఎత్తి చూస్తది.

నేనప్పటికే కండ్లు తెరిచి ఉంట.