నీళ్లలో మునిగిన సర్వరు

యానాం దగ్గర అడవిపొలంలో ఒక మేడ కింది వాటాలో మా రక్తపరీక్షల ల్యాబు ఉండేది. రక్తం తియ్యడం, పరీక్షలు చెయ్యడం నా పని. కౌంటరూ కంప్యూటర్లూ మా ఆయన చూసుకునేవారు. ఆ ఏడాదే చిన్న సర్వరొకటి కొన్నాం. చూడ్డానికి మామూలు కంప్యూటరు డబ్బాలాగే ఉంటుంది గానీ, ల్యాబులో రాసే ప్రతి రిపోర్టూ దాంట్లోకే చేరుతుంది. దరియాలతిప్ప నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్లకి పాత రిపోర్టులు పక్కన పెట్టి చూస్తేగాని డాక్టరు మందు మార్చేవాడు కాదు.

గోదారి పెరుగుతోందని ఆ పొద్దున్నుంచీ మైకులో చెబుతూనే ఉన్నారు. మైక్రోస్కోపూ, మందు సీసాలూ మేడ మీద ఉండే ఇంటి యజమానురాలి గదిలో పెట్టి, సర్వరు కోసం దిగేసరికి నీళ్లు గడప దాటి లోపలికి వచ్చేశాయి. సర్వరు పొట్టి బల్ల మీద ఉంది. దానికి కరెంటిచ్చే యూపీఎస్ మాత్రం నేల మీద ఉంది.

ఆయన ప్యాంటు పైకి మడిచి కాలు ముందుకు వేయబోయారు. నేను చొక్కా పట్టుకున్నాను.

"వెళ్లకండి."

"ఊరంతా కరెంటు తీసేశారు కదా. వదులు."

"యూపీఎస్ లైటు వెలుగుతోందండీ. దాంట్లో బ్యాటరీ ఉంది."

"ఒక్క అంగలో తెచ్చేస్తాను. అందరి రిపోర్టులూ పోతాయే."

చిన్నప్పుడు మా మేనమామకి రొయ్యల చెరువులో మోటారు తీగ తగిలింది. నీళ్లలో బోర్లా పడున్న మనిషిని ముట్టుకునే ధైర్యం లేక గట్టు మీద నిలబడిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అది గుర్తొచ్చింది. రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ బిగించాను. విదిలించుకోబోయినవారు, నేను వదలకపోయేసరికి ఆగిపోయారు.

ఇద్దరం మెట్టు మీద నిలబడి చూస్తూండగానే యూపీఎస్ మునిగింది. చిటపటమంది. కాలిన వాసన వచ్చింది. సర్వరు లైటు ఆరిపోయింది. అయినా ఆ నీళ్లలో ఇంకా కరెంటుందో లేదో మాకేం తెలుస్తుంది?

"పైకొచ్చెయ్యండమ్మా, మెట్లు కూడా మునిగిపోతాయి," అని ఇంటావిడ కేకేసింది. సర్వరునక్కడే వదిలేసి వెళ్లాం.

నీళ్లు తీశాక బురదలోంచి డబ్బా ఎత్తి కాకినాడలో రిపేరు షాపుకి పట్టుకెళ్లాం. లోపల రెండు డిస్కులున్నాయి. రెండిట్లోనూ ఒకే సమాచారం ఉంటుందని షాపతను చెప్పాడు. కిందిది బురదతో నిండిపోయింది. పైదాన్ని వేరే కంప్యూటరుకి తగిలించాడు. అది తెరుచుకునేదాకా ఆ తెరవైపు చూడలేక నేను తల దించుకున్నాను.

"వచ్చేశాయి మేడమ్, చూడండి," అన్నాడతను. మా రోగుల పేర్లు ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి.

యానాం బస్సెక్కి తిరిగి వస్తున్నాం. ఆయన మెల్లగా అడిగారు.

"ఆ రోజు కాలు పెట్టుంటే ఏమయ్యేదంటావు?"

కిటికీలోంచి రొయ్యల చెరువులు కనబడుతున్నాయి. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, బస్సు దిగేదాకా వదల్లేదు.