అన్న మీద లేచిన చెయ్యి

మా మేడమీద గదిలో కిరాయికుండే పిల్ల టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతూ, ఉపాధ్యాయులు ఆడపిల్లలనీ మగపిల్లలనీ తేడా లేకుండా అందరినీ సమానంగా చూడాలని మొన్న పొద్దున గట్టిగా వల్లె వేస్తుంటే, కింద చిక్కుడుకాయలు తుంచుతున్న నాకు నవ్వు ఆగలేదు. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర లేదు గానీ, ఆ తేడా లేకపోతే మా నారాయణగూడ బళ్ళో సారుకు పాఠమే నడిచేది కాదు!

మా లెక్కల సారు ఆడపిల్లల మీద చెయ్యి చేసుకునేవాడు కాదు, అదొక మర్యాద ఆయనకు. మగపిల్లవాడు జవాబు చెప్పలేకపోతే మాత్రం, చెప్పిన ఆడపిల్లను లేపి వాడి ముక్కు పట్టుకుని చెంప పగలగొట్టమనేవాడు. ఆడదాని చేత తన్నులు తింటేనన్నా సిగ్గొస్తుందట. నాలుగో తరగతి తప్పి నాతోపాటే కూర్చున్న మా అన్నకు ఎక్కాలు రావు, నాకేమో నిద్రలో లేపినా వస్తాయి. ఇంకేముంది, నా చేతికి అన్న చెంపే దొరికింది.

మొదటిసారి మెల్లగా తాకించాను. ఇట్లనా కొట్టేదని సారు నన్ను పక్కకు నెట్టి, తనే కొట్టి చూపించాడు. అన్న పోయి బల్లకు గుద్దుకున్నాడు, పెదవి చిట్లి చొక్కా అంతా నెత్తురు. చిక్కడపల్లిలో మా ఇంటికి నడిచి వస్తూ, "మెల్లగ కొట్టకే, నువ్వు మెల్లగ కొడితే ఆయన కొడతడు" అన్నాడు.

నాకు చెయ్యి రాలేదు. జవాబు చెప్పడమే మానేశాను. సారు నన్ను ముట్టుకోడు గనక పక్క గదిలోని టీచరమ్మ దగ్గరికి పంపాడు, ఆడపిల్లల్ని కొట్టడం ఆవిడ పని. తెలిసీ నోరు మూసుకునే ఈ పొగరు రేపు అత్తగారింట్లో ఎట్లా సాగుతుందంటూ, స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టింది, తోలు లేచిపోయేదాకా. ఇంటికొచ్చాక నా కంచంలో అన్నం అన్నే కలిపాడు.

మర్నాడు సారు ఎక్కం అడగ్గానే, అన్న చెప్పమన్నట్టు నావైపు చూశాడు. చెప్పాను. వాడి ముక్కు పట్టుకుని నా బలమంతా పెట్టి కొట్టాను. తరగతి గొల్లున నవ్వింది, సారు శభాష్ అన్నాడు.

నేను జవాబులు చెప్పాలంటే తను అక్కడ ఉండకూడదని అన్నకు తెలిసిపోయింది. చదువు తన వల్ల కాదని నాన్నతో చెప్పేశాడు. నాన్న బెల్టు తీసి వీపు వాచేలా కొట్టినా అసలు సంగతి బయటపెట్టలేదు, సుల్తాన్ బజార్లో బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. నేను డిగ్రీ దాకా చదివాను.

ఇప్పుడు బళ్ళలో పిల్లల మీద చెయ్యి చేసుకుంటే ఎవరూ ఊరుకోరు, ఎంత మంచి కాలమో! కానీ పెళ్ళికో పేరంటానికో మావాళ్ళు నలుగురు చేరితే, చెల్లెలికి చదువబ్బింది గానీ అన్నకే అబ్బలేదని ఈనాటికీ అంటారు. వాడు అందరికంటే ముందు నవ్వుతాడు. అసలు సంగతి చెబుదామని నేను నోరు తెరిస్తే, ఊరుకోవే అని కసురుకుంటాడు.